ఓడెక్కే పసిబిడ్డకు బండి అవసరమా?

సూరత్ నగరంలో లింబాయత్ ప్రాంతాన కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని మీద వచ్చి, అక్కడి మరమగ్గాల మధ్యనే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు అనేకం. ఇది వాటిలో ఒకటి అనుకుందాం. ఇంట్లో రెండేళ్ళ మనుమడు. నాయనమ్మకు సోమనాథుణ్ణి దర్శించుకోవాలని ఎన్నాళ్ళుగానో కోరిక. హజీరా రేవులో కారుతో సహా ఓడ ఎక్కి, ఖంభాత్ సింధుశాఖను దాటి ఘోఘాలో దిగి, అక్కడినుంచి రోడ్డు మార్గాన సోమనాథ్ చేరాలని నిర్ణయమైంది. మందుల డబ్బా మొదలు మంచినీళ్ళ సీసా వరకు అన్నీ సర్దుకున్నారు. తేలనిది ఒక్కటే: పిల్లవాడి స్ట్రోలర్.

"ఎత్తుకునేటందుకు ఇంతమందిమి ఉండంగ బండెందుకు బిడ్డా?" అంటుంది అత్తగారు.

"పగటీలి వానికి నిద్రొస్తే ఏడ పండవెట్టాలె అత్తమ్మా?" అంటుంది కోడలు.

కొడుకు మాత్రం, కారులో జాగా మిగిలితే చూద్దామని తప్పుకుంటాడు.

చూడబోతే ఇది చాలా చిన్న తగవు. అయితే పసిపిల్లలతో ప్రయాణం చేసిన వారెవరూ దీనిని చిన్నదిగా చూడరు. తీసుకువెళ్ళిన బండి మెట్ల దగ్గర గుదిబండ అవుతుంది. తీసుకువెళ్ళని బండి మధ్యాహ్నం రెండు గంటలకు, బిడ్డ భుజం మీద నిద్రపోయినప్పుడు, పదేపదే గుర్తుకు వస్తుంది. పైగా ఈ ప్రయాణం నేలమీద కాదు, నీటిమీద. అక్కడ చక్రానికి కొన్ని కొత్త ఇబ్బందులు ఉన్నాయి.

హజీరా–ఘోఘా ఓడ సర్వీసు 2020 నవంబరు 8న ప్రారంభమైంది. రోడ్డుమీద దాదాపు 370 కిలోమీటర్లు తిరిగి, పది పన్నెండు గంటలు పట్టే దారిని ఇది సముద్రంమీద 90 కిలోమీటర్లకు, సుమారు నాలుగు గంటలకు కుదించింది. మొదట ఉపయోగించిన 'వాయేజ్ సింఫనీ' మూడు అంతస్తుల నౌక. కింద 30 లారీలు, పైన 100 కార్లు, ఆపైన 500 మంది ప్రయాణికులు పట్టేటట్లు దానిని ఏర్పాటు చేశారు. అంతకుముందు 2017 అక్టోబరులో దహేజ్, ఘోఘాల మధ్య పడవ మొదలైంది గాని, దహేజ్ వద్ద పేరుకునే ఇసుకమేట దానిని నిలవనీయలేదు.

ఇసుకమేటతో సూరత్‌కు ఉన్న వైరం నేటిది కాదు. మొగలాయీల కాలంలో మక్కా యాత్రికులకు సింహద్వారమైన ఈ నగరం తాపీనది ఒడ్డున ఉన్నది. నదీముఖంలోని ఇసుకతిన్నెలను దాటలేక పెద్ద ఓడలు సముద్రతీరాన సువాలి దగ్గరనే లంగరు వేసేవి. ఇంగ్లీషువారు 'స్వాలీ' అని వ్రాసుకున్నది ఈ సువాలినే. 1612లో పోర్చుగీసు నౌకలతో వారు తలపడినదీ అక్కడే. ఓడ దిగినవారు అక్కడినుంచి నగరానికి ఎద్దుల బండ్లమీద వచ్చేవారు. 1623లో సూరత్ చేరిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లే ఈ బండ్లను ఆసక్తితో వర్ణించాడు. ఇప్పటి హజీరా రేవు ఆ సువాలికి పొరుగునే ఉన్నది. నాలుగు వందల ఏళ్ళ క్రితం కూడ సూరత్ ప్రయాణికుడికి సముద్రం ఒక ఎత్తయితే, ఓడకూ ఇంటికీ మధ్యనున్న నేల మరొక ఎత్తు. స్ట్రోలర్ విషయం ఆలోచించే వారు మరచిపోయేది సరిగ్గా ఈ రెండవ దానినే. బండి అవసరపడేది ఓడలో తక్కువ, ఓడకు ఇటూ అటూ ఎక్కువ. టిక్కెట్టు వరుసలో, తనిఖీ దగ్గర, ఎండలో వాహనాలు కదలడానికి ఎదురుచూసే గంటలో, దిగిన తరువాత ఊళ్ళో.

మన ఇళ్ళలో పసివాడికి బండి కొత్త కాదు. మూడు చక్రాల చెక్కబండిని పట్టుకుని తప్పటడుగులు వేయని తెలుగు బిడ్డ ఒకప్పుడు అరుదు. అయితే ఆ బండిని తోసేది బిడ్డ. స్ట్రోలర్‌లో బిడ్డ కూర్చుంటే తోసేది పెద్దలు. ఈ రెండవ రకం బండికి మూలపురుషుడిగా చెప్పుకునే విలియం కెంట్ ఇంగ్లండులో ఉద్యానవనాల శిల్పి. 1733లో డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం ఆయన చేయించిన శంఖాకారపు బండిని మేకో, మరో చిన్న జంతువో లాగేది. ఆ తరువాత రెండు శతాబ్దాలకు పైగా పిల్లల బండి అంటే చిన్న రథమే. దానిని మడిచి చంకలో పెట్టుకోవచ్చునన్న ఆలోచన 1965లో గాని ఓవెన్ మెక్లారెన్‌కు తట్టలేదు. ఆయన విమానాల ఇంజనీరు. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరికకు పనిచేసినవాడు. మాస్కో నుంచి పసిబిడ్డతో వచ్చిన కుమార్తె బరువైన బండితో పడిన అవస్థ చూసి, తేలికపాటి అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించాడని చెబుతారు. దాని బరువు మూడు కిలోలకు లోపే. ప్రయాణంలో పడిన అవస్థ నుంచే ఈ బండి పుట్టింది గనుక, ప్రయాణానికి పనికివచ్చేది కూడ ఆ జాతి బండే. అంగళ్ళలో ఠీవిగా నిలబడే పదీ పదిహేను కిలోల బండ్లు పార్కులో తిరగడానికి బాగుంటాయి. ఓడ ప్రయాణానికి వాటి పేరెత్తనవసరం లేదు.

అత్తగారి మాటలో సత్యం లేకపోలేదు. ఉమ్మడి ప్రయాణంలో బిడ్డకు నడుమెత్తు ఆసనం దొరకకపోదు. ఒకరి చంక నుంచి మరొకరి చంకకు మారుతూ పెరిగిన పిల్లలే మనమంతా. కాని రెండేళ్ళ బిడ్డ సగటు బరువు సుమారు 12 కిలోలు. నిద్రపోయిన బిడ్డ మరింత బరువుగా తోస్తుంది. బయలుదేరేటప్పుడు ఎత్తుకుంటామన్న చేతులు నాలుగైదు జతలు ఉంటాయి. తాతగారికి భుజం నొప్పి, నాయనమ్మకు మోకాలు, తండ్రికి సామాన్లు, మేనత్తకు ఫోటోలు. రెండవ పూటకు మిగిలేది తల్లి చేతులొక్కటే. ఇంటింటా జరిగే ఈ లెక్కను ఎవరూ నోరు విప్పి చెప్పరు గనుకనే స్ట్రోలర్ మీద వాదం అంత పట్టుదలగా సాగుతుంది. కోడలు అడుగుతున్నది బండి ఒక్కటే కాదు, కొంత విశ్రాంతి కూడ. కనుక బండి వద్దనేవారు ముందుగా చెప్పవలసింది ఒకటున్నది: ఏ పూట ఎవరు ఎత్తుకుంటారో. ఆ సమాధానం నిజాయితీగా వస్తే, చాలా ఇళ్ళలో బండి ప్రయాణమవుతుంది.

ఘోఘా ఓడకే వస్తే, అక్కడ ఆలోచించవలసిన విశేషాలు రెండు. మొదటిది ఆటుపోట్లు. ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా కొన్ని రోజులలో 10 మీటర్ల దాకా ఉంటుంది. మూడంతస్తుల మేడ ఎత్తు అనుకోండి! ప్రపంచంలో ఇంతటి పోట్లు గల తీరాలు కొన్నే. అందువల్ల ఓడను ఒడ్డుతో కలిపే వంతెన వాలు రోజంతా ఒక్కతీరున ఉండదు. ఒక వేళలో దాదాపు సమంగా ఉన్న దారి మరొక వేళలో నిటారుగా తోస్తుంది. అటువంటి వాలుమీద బండిని దించేటప్పుడు తోసేవారు కింది వైపు ఉండి, వెనుకకు నడుస్తూ దించుకోవాలి. అంతకంటె మేలు బిడ్డను ఎత్తుకుని, బండిని మడిచి పట్టుకోవడం. చేతిపిడికి సంచులు వ్రేలాడదీయడం మనవారికి అలవాటు. వాలుమీద ఆ బరువుకే బండి వెల్లకిల పడుతుంది.

రెండవ విషయం కారు. స్ట్రోలర్ కారులో ఉన్నదిలే అని పైకి వెళ్ళినవారు, అవసరమైనప్పుడు దిగి తెచ్చుకోవచ్చుననుకుంటారు. ఇటువంటి నౌకలలో ప్రయాణం సాగుతుండగా వాహనాల అంతస్తుకు వెళ్ళనివ్వకపోవడం సాధారణ నియమం. అందుకు తగిన కారణాలు ఉన్నాయి. కనుక బండి కావాలో వద్దో కారు దిగేటప్పుడే తేల్చుకోవాలి. ఆ నాలుగు గంటలలో బిడ్డ నిద్రవేళ పడితే తీసుకోండి. పడకపోతే కారులోనే ఉండనివ్వండి. మెలకువగా ఉన్న రెండేళ్ళవాడు ఓడలో బండిలో కూర్చోడు. కిటికీకి ముఖం ఆనించి నీళ్ళు చూస్తాడు, లేదా ఎవరో ఒకరి వేలు పట్టుకుని నడవ ఈ చివరి నుంచి ఆ చివరికి లెక్కలేనన్నిసార్లు తిరుగుతాడు.

ఘోఘాలో దిగినవారు చాలామంది అక్కడికి చేరువలోని కోళియాక్ కూడ చూస్తారు. అక్కడ నిష్కళంక మహాదేవుని స్థానం సముద్రంలోనే ఉన్నది. పోటు సమయంలో ధ్వజస్తంభం తప్ప ఏమీ కనబడదు. ఆటు వేళ నీరు వెనుకకు తీయగానే భక్తులు తడి నేలమీద దాదాపు కిలోమీటరు నడిచి, పాండవులు ప్రతిష్ఠించారని చెప్పే అయిదు లింగాలను అర్చించి, మరల నీరు రాకముందే ఒడ్డు చేరుతారు. బురద, నాచు, రాళ్ళు. అక్కడ ప్రపంచంలోని ఏ చక్రమూ పనిచేయదు. బిడ్డ ఎవరి చంకనైనా ఎక్కవలసిందే. ఆటుపోట్ల వేళలు తెలుసుకోకుండా పసిబిడ్డతో ఆ దారి పట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు.

నాలుగు గంటల ప్రయాణం సంగతి ఇది. నాలుగు రోజుల నౌకావిహారం వేరు. సూరత్ వారికి అందుకు దగ్గరి రేవు ముంబయి. రైలులో 263 కిలోమీటర్లు. 2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ 'ఎంప్రెస్' అనే నౌకతో ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీపాల వైపు విహారయాత్రలు ఆరంభించింది. 1990లో ఫ్రాన్సులో తయారైన ఓడ అది. 2022 జూన్‌లో విశాఖపట్నానికి కూడ వచ్చినందున మనవారిలో పలువురికి దాని రూపం పరిచయమే. ఇటువంటి ఓడ ఒక చిన్న పట్టణం వంటిది. భోజనశాల ఒక కొసన, గది మరొక కొసన. రోజుకు పదిసార్లు ఆ దూరం నడవాలి. అక్కడ స్ట్రోలర్ నిజంగా ఉపకరిస్తుంది, ముఖ్యంగా రాత్రి భోజనం ఆలస్యమై బిడ్డ కునికిపాట్లు పడుతున్నప్పుడు.

అయితే గది తలుపును మరువకూడదు. ఓడలలో సామాన్యమైన గదుల తలుపు వెడల్పు చాలావరకు 60 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గొడుగులా ముడిచే బండి అందులో దూరుతుంది. కవల పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టే బండి దూరదు. తలుపు బయట వదిలేద్దామంటే నౌకా సిబ్బంది ఒప్పుకోరు. అగ్నిప్రమాదం జరిగితే పొగలో వందలమంది పరుగెత్తవలసిన దారి అది. అందులో ఒక చిన్న బండి అడ్డుపడినా ఎంతో హాని. కనుక బండి రాత్రి గదిలోనే, మడిచి, మంచం కిందనో మూలనో ఉండాలి. బాల్కనీ ఉన్న గది తీసుకున్నవారు దానిని అక్కడ పెట్టడం ప్రమాదకరం. పెద్దల కంటికి అది బండి, బిడ్డ కంటికి నిచ్చెన. ఓడకు గడపలు కూడ ఉంటాయి: సముద్రపు నీరు లోపలికి రాకుండా బయటి డెక్ తలుపుల దగ్గర ఎత్తుగా కట్టినవి. వాటి దగ్గర ముందు చక్రాలు ఎత్తి దాటించాలి.

లక్షద్వీపాల వంటి చోట్ల పెద్ద ఓడ ఒడ్డుదాకా పోలేదు. పగడపు దిబ్బలకు ఆవల ఆగి, చిన్న పడవలలో ప్రయాణికులను దింపుతుంది. అలలకు పైకీ కిందికీ ఊగే ఆ పడవలోకి దిగేటప్పుడు ఒక చేయి సిబ్బందికి ఇవ్వాలి, రెండవ చేత బిడ్డ ఉండాలి. ఇక బండికి మూడవ చేయి ఎక్కడిది? ఆ రోజు దానిని గదిలో వదిలిపెట్టి వెళ్ళడమే తెలివి. ఆ తీరపు ఇసుకలో అది ఎలాగూ కదలదు.

ఇంతవరకు చెప్పినది సౌకర్యం గురించి. అసలు భయపడవలసినది మరొకటున్నది. ఓడ నిశ్చలంగా ఉన్నట్టు తోచినా దాని నేల నిశ్చలం కాదు. చక్రం ఉన్నది ఏదైనా వాలిన వైపుకు పోతుంది. 1925లో ఐసెన్‌స్టైన్ తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెంకిన్' చిత్రంలో, ఒడెస్సా రేవు మెట్లమీద తల్లి కూలిపోగా బిడ్డ ఉన్న బండి తనంతట తానే దొర్లిపోయే దృశ్యాన్ని చూసినవారు మరువలేరు. అది వెండితెర మీది బండి. ఓడ డెక్ మీద బ్రేకు వేయకుండా, బిడ్డను పట్టీతో కట్టకుండా, క్షణకాలం చేయి వదిలిన బండికీ దానికీ తేడా మెట్లు మాత్రమే. బ్రేకు వేసినా సరే, బిడ్డను బండిలో ఉంచి పక్కకు వెళ్ళకూడదు. మడిచే కీళ్ళ విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2009 నవంబరులో అమెరికాలో దాదాపు పది లక్షల మెక్లారెన్ బండ్లను సరిదిద్దడానికి వెనుకకు పిలిపించారు. తెరిచేటప్పుడు కీలులో చిక్కుకుని పన్నెండుమంది పిల్లల వేలికొనలు తెగిన నివేదికలు అందుకు కారణం. ఓడ ప్రయాణంలో బండిని రోజుకు ఎన్నోసార్లు మడవాలి, తెరవాలి. ఆ సమయంలో బిడ్డ మరొకరి చేతిలో ఉండాలి.

నిజంగా ఆపద వస్తే? 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరాన 'కోస్తా కాంకోర్డియా' విహారనౌక రాతికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. ఆ రోజే ఓడ ఎక్కిన వందలాది ప్రయాణికులకు ఆపత్కాలంలో ఏం చేయాలో చూపే అభ్యాసం ఇంకా జరగనేలేదు. ఆ తరువాత అంతర్జాతీయ నియమాలు మారాయి. 2015 నుంచి ఓడ కదలడానికి ముందే, లేదా కదిలిన వెంటనే, ఆ అభ్యాసం జరగాలి. ఒరిగిన ఓడలో లిఫ్టులను నమ్ముకోలేము. మెట్లమీద, వాలిన నేలమీద స్ట్రోలర్ ఒక అడ్డంకి మాత్రమే. దానిని ఉన్నచోటనే వదిలి బిడ్డను ఎత్తుకుని నడవాలి. అభ్యాసానికి వెళ్ళేటప్పుడు కూడ బండి లేకుండా వెళితే, ఏ మెట్లు ఎక్కాలో, పన్నెండు కిలోల బరువుతో ఎంత సేపు పడుతుందో అప్పుడే తెలుస్తుంది.

టైటానిక్ మునిగిన తరువాత 1914లో పుట్టిన సముద్ర భద్రతా ఒడంబడిక నేటికీ సవరణలతో కొనసాగుతున్నది. దాని ప్రకారం 15 కిలోల లోపు బరువున్న పసివారికి ప్రత్యేకమైన లైఫ్ జాకెట్ ఉంటుంది. 24 గంటలు, అంతకు మించిన ప్రయాణంలో ఓడలోని ప్రతి పసిబిడ్డకూ ఒకటి ఉండాలి. అంతకంటె తక్కువ ప్రయాణమైతే మొత్తం ప్రయాణికులలో నూటికి రెండున్నర చొప్పున ఉంటే చాలు. అంతర్జాతీయ ప్రయాణాలకు విధించిన కొలతలివి. పెద్దల జాకెట్ తొడిగితే బిడ్డ అందులోనుంచి జారిపోతుంది. కాబట్టి ఏ ఓడ ఎక్కినా, కూర్చునే చోటు వెదుక్కోవడానికి ముందే పసివాడి జాకెట్ ఎక్కడున్నదో సిబ్బందిని అడిగి, ఒకసారి తొడిగి చూడడం తల్లిదండ్రుల హక్కు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 'రాయల్ వశిష్ఠ' మునిగిన దుఃఖం తెలిసిన తెలుగువారికి ఈ మాట మరొకరు చెప్పనక్కరలేదు.

ఇక నిర్ణయం. బిడ్డకు మూడేళ్ళు దాటి, పగటి నిద్ర మానివేస్తే బండి వద్దు. ఆరు నెలలు నిండని పసికందునైతే చాలా విహారనౌకా సంస్థలు అసలు ఎక్కించుకోవు. ఈ రెంటి నడుమ ఉన్నవారికి, ఒక చేత్తో మడిచి మరొక చేత్తో మోయగల తేలిక బండి పనికివస్తుంది. అంతకంటె పెద్దది ఇంట్లోనే ఉండాలి. దానితోపాటు బిడ్డను ఒంటికి కట్టుకునే జోలె ఒకటి తప్పనిసరి. బజారులో దొరికే పట్టీల సంచి అయినా సరే, పాత చీర అయినా సరే. చీర విషయంలో సూరత్ వాసులకు ఒక చిక్కు ఉన్నది. ఆ నగరం దేశానికంతటికీ నేసి పంపే చీరలు చాలావరకు కృత్రిమ దారంతో చేసినవి, నునుపైనవి. ముడి జారుతుంది. జోలెకు మాత్రం ఊరి నుంచి నాయనమ్మ కట్టుకు వచ్చిన నూలు చీరే నమ్మదగినది.

బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. తల్లి గాని తండ్రి గాని, ఒక్కరే, బిడ్డను జోలెలో కట్టుకుని, బండిని మడిచి చేత పట్టుకుని, రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగాలి. వారికి ఆయాసం రాకపోతే బండి వెళ్ళవచ్చు. వస్తే, ఆ మెట్లమీద బండిని ఎవరు మోస్తారో అక్కడే నిలబడి మాట్లాడుకోవాలి.